పాదాల కోసం ప్రార్థన

ఆదివారం పొద్దున్నే టైడా ఘాట్ రోడ్డులో పరిగెడుతుంటే వాన దంచేసింది. పక్కనే చర్చి కనిపిస్తే అందులోకి దూరాను.

మెట్ల మీద అందరి చెప్పులూ ఉన్నాయి. నావేమో వేలికో తొడుగున్న పల్చటి నల్ల రన్నింగ్ బూట్లు. విప్పితే మళ్లీ పది వేళ్లూ దూర్చుకోడానికి పావుగంట పడుతుంది. పైగా అవి వేసుకున్నా ఉత్తకాళ్లతో సమానమేనని విశాఖలో నేనే అందరికీ ఉపన్యాసాలిస్తుంటాను. అందుకని అలాగే లోపలికెళ్లి చాప మీద కూర్చున్నాను.

పాట పాడిస్తున్న పాస్టరమ్మ లిదియా నా కాళ్లు చూసి ఆగిపోయింది.

"అయ్యో బాబూ, పాదాలిలా నల్లబడిపోనాయేటి?"

నేను నోరు తెరిచేలోపే అందరి వైపూ తిరిగింది. "ఈ బాబు కాళ్ల కోసం ప్రార్థన సేద్దాం, లెగండి!"

నలభై మంది లేచి కళ్లు మూసుకున్నారు. ఓ ముసలమ్మ ఏడుస్తూ, నూనె సీసా పట్టుకుని నా పాదాల వైపే రాసాగింది. సిగ్గుతో చచ్చిపోయి, ఒక్కో వేలూ లాక్కుని బూట్లు రెండూ విప్పేశాను.

అందరూ కళ్లు తెరిచారు. "హల్లెలూయ!" అన్న కేకకి రేకుల కప్పు అదిరింది.

వాన తగ్గాక, ఈ అమాయకుల్ని మోసం చేయడం పాపమనిపించి లిదియాకి నిజం చెప్పేశాను. "అది రోగం కాదమ్మా, బూట్లు."

"తెలుసు బాబూ," అందావిడ. "వానొత్తే రన్నింగోళ్లంతా ఇక్కడికే వత్తారు. వచ్చిన సుట్టాన్ని బూట్లిప్పమని మొకం మీద ఎలాగంటాం?"

పక్కనే ముసలమ్మ నూనె సీసాకి మూత బిగించి కిటికీలో పెట్టింది.

"ఇంతవరకూ నయమవ్వని కాలు ఒక్కటీ లేదు," అంది.