వద్దన్న బొమ్మకు ఉత్తరం

"మళ్ళీ పంపించాడు బాబాయ్," అన్నాడు బాలశౌరి, పార్సిలు మీది గోనెపట్టా విప్పుతూ. "ఇది ఏడో ఏడు. బొల్లాపల్లి పెదకోటయ్య. మనిషిది గట్టి గుండెకాయే."

గురునాథం మాష్టారు కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు.

నరసరావుపేటలో పత్తివిత్తనాల కొట్టు మీది గది. పల్నాడు నవ్య చిత్రకళా సమితి ఆఫీసు అదే. కమిటీలో ముగ్గురు. మాష్టారు అధ్యక్షులు. ముప్ఫయ్యేళ్ళు హైస్కూల్లో పిల్లలచేత కూజాలూ మామిడికాయలూ గీయించి రిటైరయ్యారు. ఆయన దగ్గర చదువుకుని బ్యాంకులో చేరిన రాజేశ్వరి కార్యదర్శి. ఫోటో స్టూడియో బాలశౌరి కోశాధికారి. బోర్డు మీద 'లాభాపేక్ష లేని సంస్థ' అని రాయించారు. ఆ ముక్క లేకపోయినా ఊళ్ళో ఎవరూ అనుమానించి ఉండేవారు కారు.

నియమాలన్నీ మాష్టారే రాశారు. ముగ్గురూ ఔనంటేనే బొమ్మ గోడెక్కాలి. గోడెక్కిన బొమ్మ పక్కన, మొదటిరోజంతా, వేసినవాళ్ళు నిలబడి అడిగినవాటికి జవాబు చెప్పాలి. వద్దన్న బొమ్మకు, ఎందుకు వద్దన్నారో చెబుతూ ఉత్తరం వెళ్ళాలి. కమిటీవాళ్ళ బొమ్మలు పెట్టనే కూడదు. దీంతో సమితికి గౌరవం పెరిగింది, బాలశౌరికి దిగులు పెరిగింది.

ఎనభై ఆరు వేసవి ప్రదర్శనకు గోడ మీద ఇంకొక్క చోటే మిగిలింది.

బాలశౌరి బొమ్మను కుర్చీలో నిలబెట్టాడు. ఓరగా తెరిచిన తలుపు. అవతల వెలుతురు. ఇవతల చీకట్లో ఒక మనిషి. మొహం లేదు. చెవి మాత్రం ఉంది.

"చెవేంది, చేటంత ఉంది!"

రాజేశ్వరి నవ్వలేదు. "లోపల తన గురించే మాట్లాడుకుంటున్నారు. వినాలనుంది. లోపలికెళ్ళే ధైర్యం లేదు."

"ఇంకా?" అన్నారు మాష్టారు.

"ఇంకేముంది? ఈ మనిషి నాకు బాగా తెలుసనిపిస్తోంది."

"తెలుసా?"

"ఎందుకు తెలియదు మాష్టారూ? మేనేజరు గది ముందు నేను రోజూ నిలబడేది ఇట్లాగేగా."

"ఆ మూల నలుపు ఎక్కువైందేమో?"

"లేదు. సరిగ్గా అంతే ఉండాలి."

"నువ్వేమంటావు, బాలశౌరీ?"

బాలశౌరి తల అటు వంచి చూశాడు, ఇటు వంచి చూశాడు. "అదేందో బాబాయ్, చానాసేపు చూస్తే చెవి మామూలుగానే ఉంది. నేను ఔను."

"నేనూ ఔను," అంది రాజేశ్వరి. "ఈసారి ఆయన్ని రప్పిద్దాం. ఏడేళ్ళ నుంచి పేరు వినడమేగాని మనిషిని చూసింది లేదు. బొమ్మ పక్కన నిలబెట్టి, ఊరందరిచేతా మాట్లాడిద్దాం."

మాష్టారు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. కింద లారీకి పత్తి బోరేలు ఎత్తుతున్నారు. అన్నీ ఎత్తేదాకా అక్కడే నిలబడ్డారు.

"వద్దు," అన్నారు.

బాలశౌరి చేతిలోని గోనెపట్టా కింద పడేశాడు.

"ఆ పెదకోటయ్య నీ చేను గట్టేమన్నా జరిపాడా ఏంది బాబాయ్?"

"వాడింకా దాక్కునే గీస్తున్నాడు," అన్నారు మాష్టారు, వెనక్కి తిరక్కుండా.

రాజేశ్వరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇంతసేపూ గుచ్చి గుచ్చి అడిగింది వద్దనడానికా? ఎనిమిదో తరగతిలో నా బొమ్మ చూసి 'బాగుంది' అన్నారు మీరు. ఒక్కసారే. ఆ మాట పట్టుకునే ఇక్కడిదాకా వచ్చాను. ఆ పెద్దమనిషికి ఏడేళ్ళల్లో ఆ ఒక్క మాటా చెప్పలేకపోయాం."

మిగిలిన చోటు గురజాల డాక్టరుగారి నీలం గుర్రానికి పోయింది.

రాజేశ్వరి కాగితాలు ముందేసుకుంది. వద్దన్న ఉత్తరం ఏటా రెండు వాక్యాలు. ఈసారి మొదటి పేజీ నిండింది. రెండోది నిండింది. మూడోదాంట్లో సగానికి వచ్చాక కలం ఆగింది. బాలశౌరి మెడ చాచాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏం రాశావమ్మా అంతంత?" అన్నారు మాష్టారు.

"అది ఆయనకు."

"చదవకుండా అధ్యక్షుడు సంతకమెట్లా పెడతాడు?"

"సంతకం పెట్టాలనే ఉంది నియమాల్లో. చదవాలని లేదు. మీరు రాసినవేగా!" కాగితం మడిచి, అడుగున ఖాళీ చోటు మాత్రం చూపించింది.

మాష్టారు సంతకం పెట్టారు.

"కవరు అంటించే ముందు ఒక్కసారి..."

"కుదరదు మాష్టారూ." జిగురు రాసి, అంటించి, ఇంకెవరి చేతికీ ఇవ్వకుండా తనే మెట్లు దిగి వెళ్ళి పోస్టు డబ్బాలో వేసి వచ్చింది.

ఆయన ఆమె వెళ్ళినంతసేపూ, వచ్చినంతసేపూ కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు.

"నాకర్థం కాదు బాబాయ్," అన్నాడు బాలశౌరి, గోనెపట్టా మళ్ళీ చుడుతూ. "వద్దన్నదీ నువ్వే, మొహం వేలాడేసుకున్నదీ నువ్వే."

నాలుగు రోజులు ఎట్లాగో ఓపికపట్టి, గురువారం పొద్దున్నే మాష్టారు వినుకొండలో బస్సు మారి, బొల్లాపల్లిలో దిగి, పోస్టాఫీసు కిటికీలోకి వంగి, "పెదకోటయ్యనండీ, నాకేమన్నా ఉత్తరమొచ్చిందా?" అని అడిగారు.