నెత్తిమీద రొద

"బాబాయ్, దించెయ్ దీన్ని! నెత్తిమీద ఏదో రొద పెడుతోంది!"

జోసెలిన్ కేక పెట్టింది. ఆట్లీ అప్పుడే ఆమె భుజాల మీద ఆఖరి తీగ మెలేసి, పట్టీలు బిగించి లేచాడు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నగరంలోని సవానా మైదానంలో, పారేసిన సామానుతో కట్టిన వేషాల పోటీ అది. వీళ్లది ఎర్ర కొంగ వేషం. రెక్కలకు చిరిగిన చేపల వలలు, ఈకలకు కత్తిరించిన ప్లాస్టిక్ సీసాలు. తల మాత్రం ఆట్లీ పెరట్లో మామిడిచెట్టుకు ఏళ్ల తరబడి వేలాడిన పాత కెటిల్. కెటిల్ గొట్టమే కొంగ ముక్కు. అది వంగి సరిగ్గా జోసెలిన్ కళ్ల ముందుకొచ్చి ఆగింది.

"స్పీకర్ల మోతమ్మా అది," అన్నాడు ఆట్లీ.

"కాదు! కందిరీగలు! ఆ కెటిల్ మూత తీసి చూశావా అసలు?"

"తుప్పుపట్టి బిగుసుకుపోతే ఎలా తీస్తాను? పైనుంచి రంగేశాను."

"కిందటేడు ఒక్కటి కుడితేనే గొంతు పూడుకుపోయింది. ఇంకోసారి కుడితే బతకవన్నాడు డాక్టరు. నీకు తెలుసుగా!"

"తెలుసు. నీకు స్టేజీ అంటే భయమనీ తెలుసు. ఆడలేక మద్దెల ఓడంటే ఎలా? ఈ తీగలన్నీ విప్పి మళ్లీ కట్టేసరికి పోటీ అయిపోతుంది. అదిగో, పిలిచారు. నడువ్!"

వెనక నుంచి ఒక్క తోపు తోశాడు.

ఇనప డ్రమ్ములు మోగాయి. మోగినప్పుడల్లా నెత్తిమీద రొద పెరిగింది. గంతులేయాలి, గిరగిరా తిరగాలి, రెక్కలు టపటపలాడించాలి. జోసెలిన్ అవేవీ చెయ్యలేదు. మెడ కదిలితే చస్తానన్న భయంతో, నిండుకుండ మోస్తున్నదానిలా అడుగు తీసి అడుగు వేసింది. చెమట కళ్లలోకి కారినా తుడుచుకోలేదు. ముక్కు కొసనున్న నల్లటి కన్నం మీదనుంచి చూపు తిప్పలేదు. 'దేవా, ఆ చివరిదాకా చేర్చు. ఈ ఒక్కసారికీ చేర్చు.'

జనం మొదట గుసగుసలాడారు. తర్వాత అచ్చం కొంగ నడకేనంటూ కళ్లప్పగించారు. ఆమె స్టేజీ చివరికి చేరేసరికి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

మెట్ల కింద దీపు కాచుకుని ఉన్నాడు. దీప్‌నరైన్, వీళ్ల జట్టులో మూడోవాడు, రేడియోలు బాగుచేస్తాడు. ముగ్గురూ ముగ్గురే. ఎవరికి తోచింది వాళ్లు వేషానికి తగిలించడమే తప్ప, ఒకరు చేసింది ఇంకొకరికి చెప్పే అలవాటు ఏ ఒక్కరికీ లేదు.

"దీపూ, నన్ను కుదపకు," గుసగుసగా అంది జోసెలిన్. "మెల్లిగా తీగలు కత్తిరించు. లోపల కందిరీగలున్నాయి."

దీపు పగలబడి నవ్వాడు. "కందిరీగలూ లేవు, కాకరకాయలూ లేవు! అది ఫ్యాను."

"ఫ్యానా?"

"పాత కంప్యూటర్లోంచి పీకిన బుల్లి ఫ్యాను. నీ తలకు చల్లగా ఉంటుందని రాత్రి కెటిల్ కింద బిగించా. ఆశ్చర్యపోతావని చెప్పలేదు. చల్లగా తగిలిందా?"

"చల్లగానా? ఉడికి చచ్చాను!"

"బ్యాటరీ నీరసపడి ఉంటుందిలే."

జోసెలిన్‌కి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. "చచ్చినోడా! ప్రాణం తోడేశావు కదరా!" అంటూ వాడి వీపు మీద నాలుగు వడ్డించింది.

ఫోటోలవాళ్లు చుట్టూ మూగారు. "ఒక్కసారి ఎగురమ్మా, కొంగమ్మా!"

స్టేజీ మీద దాచుకున్న ఆటంతా అక్కడ బయటికొచ్చింది. గంతులేసింది, గిరగిరా తిరిగింది, రెక్కలు టపటపలాడించింది. "ఇదేనా నన్ను చంపబోయింది?" అంటూ కెటిల్‌ని అరచేత్తో టంగుటంగున వాయించింది. నెత్తిమీద రొద హోరెత్తింది. ఆమె ఇంకా గట్టిగా నవ్వింది.

అప్పుడే ఆట్లీ జనాన్ని తోసుకుంటూ, రొప్పుతూ వచ్చాడు.

"గెలిచాం, దీపూ, గెలిచాం! అన్నట్టు, ఇది నీదేనా? కొంగ తల బరువెక్కువైందని పొద్దున్నే దీన్ని ఊడదీశాను," అంటూ జేబులోంచి బుల్లి ఫ్యాను తీసి వాడి చేతిలో పెట్టాడు.