మూగడప్పుల పెళ్లి

పంచాయతీ గోడమీది నేలపటంలో గడ్డిబీడు ఎర్రగా వెలిగేసరికి మద్దిలేటి తల పట్టుకున్నాడు. నేలనెమలి పిట్టలు దిగాయన్నమాట! అవి గుడ్లు పెట్టే వానాకాలమంతా బీడు పక్కన ఏ మోతా ఉండకూడదని గ్రామసభలో అందరికంటే ముందు చెయ్యెత్తింది తనే. తీరా ఇవాళ కూతురి పెళ్లి ఊరేగింపు ఆ దారినే పోవాలి. ఇంకో దారి లేదు.

చేసేది లేక మూగడప్పులు తెప్పించాడు. వాటి దరువు చెవిలో దోపుకునే చెవిబిళ్లల్లో తప్ప బయటికి వినబడదు.

"మోత లేని పెండ్లా? మా పరువేం గావాల?" అని వియ్యపురాలు సుంకులమ్మ తన చెవిబిళ్ల విసిరికొట్టింది.

చప్పుడే లేకుండా ఊరంతా చిందులేస్తుంటే, ఆమె మూతి ముడుచుకుని బీడువైపు తిరిగింది. గడ్డిలోంచి నల్లటి నేలనెమలి పుంజొకటి బంతిలా పైకెగిరింది. దిగి, మళ్లీ ఎగిరింది. ఎక్కడో దాక్కున్న పెట్ట కోసం ఒకటే గంతులు.

సుంకులమ్మ నోరు తెరిచి కాసేపు చూసింది. తర్వాత కుచ్చెళ్లు ఎగదోపుకుని మద్దిలేటి వైపు తిరిగింది.

"అన్నా, నా చెవిబిళ్ల యాడ పడిందో రవ్వంత ఎతుకు. ఆ పిట్ట ముందర మేం తక్కువెగిరితే మా పరువేం గావాల?"