గొట్టం మార్చిందెవరు?

"ఈ నమూనా మీ తమ్ముడిది కాదు. మధ్యలో ఎవరో మార్చారు. ఎవరో ఏమిటి, మీరే మార్చారు!" అంది ల్యాబ్ మేడమ్, అద్దాల కిటికీ లోంచి తల బయటికి పెట్టి.

దర్జీ పని చేసే అక్క ఇంతెత్తున లేచింది. "నేనా? నాకేం పని? వార్డులో వీడి నడుము ఎముకలోంచి మూలుగ తీసి, గొట్టంలో పోసి, మూత బిగించి చేతికిచ్చారు. పచ్చి గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకొచ్చి మీకిచ్చాను."

"ఆ దారిలోనే ఏదో జరిగింది."

ఆ ఆసుపత్రి పద్ధతి అది. తీసేది వార్డులో, పరీక్ష చేసేది రోడ్డుకి అవతల ల్యాబులో. గొట్టం మోసే పని రోగి తాలూకు మనుషులది. అక్క ఉండగా ఆ పని ఇంకొకరికి దక్కే ప్రశ్నే లేదు. ట్రాఫిక్ మొత్తాన్నీ చేత్తో ఆపి మరీ రోడ్డు దాటుతుంది.

పక్కన నిలబడ్డ తమ్ముడు క్రేన్ ఆపరేటరు. రక్త క్యాన్సరుకి, రక్తం పుట్టే ఎముక మూలుగ మార్పిడి చేయించుకుని, రాలిపోయిన మీసం మళ్ళీ మొలిచాక, ఇది అతనికి మొదటి పెద్ద పరీక్ష. జబ్బు బయటపడ్డప్పుడు అతని చెడ్డ కణాల్లో ఏడో జత క్రోమోజోముల్లో ఒకటి మాయమైందని తేలింది. అది మొండి రకం, మామూలు మందులకి లొంగదు అన్నారు. ఇప్పుడు ఏడో జత నిండుగా కనిపిస్తే గండం గట్టెక్కినట్టే. మళ్ళీ ఒకటి తక్కువైతే జబ్బు తిరిగొచ్చినట్టు. వారం రోజులుగా అతనికి తిండి సయించడం లేదు.

"మీ గొడవ తర్వాత. ఏడో జత ఉందా, లేదా?" అన్నాడు.

"ఉంది. చూసిన ప్రతి కణంలోనూ నిక్షేపంగా ఉంది."

అక్కాతమ్ముళ్ళిద్దరూ ఎగిరి గంతేసినంత పని చేశారు. అక్క అయితే పక్క బెంచీ మీదున్న ముక్కూ మొహం తెలియనావిడని వాటేసుకుంది.

"ఆగండమ్మా, ఆగండి! ఉంది సరే, ఎవరికుంది?" మేడమ్ కంప్యూటర్ తెరని వాళ్ళ వైపు తిప్పింది. ఉతికి ఆరేసిన మేజోళ్ళలా క్రోమోజోములు జతలు జతలుగా ఉన్నాయి. "చివరి జత చూడండి. మగవాళ్ళకి ఒకటి పొడుగు, ఒకటి పొట్టి ఉండాలి. ఇక్కడ రెండూ పొడుగే. ఇది ఆడమనిషిది. మీ చీటీలో 'మగ, రక్త క్యాన్సరు' అని రాసుంది. నాకు తెలిసింది అంతే."

తమ్ముడు కొత్త మీసం మీద చెయ్యి వేశాడు. "నేను మీకు ఆడమనిషిలా కనిపిస్తున్నానా?"

"మీరు కనిపించడం లేదు. ఈవిడ కనిపిస్తోంది," అంది మేడమ్ తాపీగా. "ఏ నర్సునో బతిమాలి తన రక్తం తీయించి గొట్టంలో పోసేసుంటుంది. చూడ్డానికి రెండూ ఎర్రగానే ఉంటాయిగా! తమ్ముడి రిపోర్టు బాగా రావాలని ఆశ. ఇలాంటి ప్రేమలు చాలా చూశాను."

"నా పిల్లల మీద ఒట్టు! అందులో నా రక్తం చుక్క కూడా లేదు!"

బెంచీల మీద వాళ్ళంతా తమ రిపోర్టుల సంగతి మరిచిపోయి ఇటు తిరిగారు. ఒక పెద్దాయన చెవిలో మిషను సరిచేసుకున్నాడు.

తమ్ముడి మొహంలో మాత్రం నవ్వు మాయమైంది. అక్కని ఓ మూలకి లాక్కెళ్ళాడు. "అక్కా, స్కూల్లో నా లెక్కలన్నీ నువ్వే చేసి పెట్టేదానివి. నిజం చెప్పు. ఇదీ అలాగే చేశావా?"

"ఒరేయ్, నువ్వు కూడానా!"

"నాది బాగాలేదని డాక్టరుగారు నీకు ముందే చెప్పేశారా? అందుకే..." బాగున్న ఆ ఏడో జత తనది కాకపోతే, తనది ఎలా ఉన్నట్టు? అతనికి నిజంగానే భయం వేసింది.

అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "లెక్కలు చేసిపెట్టాను, కాదన్లేదు. కానీ అన్నీ తప్పులే కదరా! నా వల్ల నువ్వు ఒక్కసారైనా పాసయ్యావా?"

తమ్ముడికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

మేడమ్ ఫోన్ చేయడంతో, తమ్ముడికి వైద్యం చేసిన పెద్ద డాక్టరు సగం తిన్న బిస్కెట్ చేత్తో పట్టుకునే రోడ్డు దాటి వచ్చాడు. ఎవరినీ పలకరించకుండా తెర మీదికి వంగాడు. ఏడో జత చూశాడు. చివరి జత చూశాడు. ఉన్నట్టుండి పకపకా నవ్వడం మొదలుపెట్టాడు.

"మేడమ్ చెప్పింది నిజమే. ఇది ఈ అక్కగారి రక్తమే."

బెంచీలన్నీ ఒక్కసారి 'ఆఁ' అన్నాయి. "నే చెప్పలేదూ?" అంది మేడమ్ కుర్చీలో వెనక్కి వాలుతూ. అక్క గోడకి చేరగిలబడింది.

"మరి నా రక్తం ఏమైంది డాక్టరుగారూ?" అన్నాడు తమ్ముడు.

"మీదా? జబ్బుతో సహా చుక్క మిగలకుండా పోయింది!" డాక్టరు అతని వీపు మీద గట్టిగా చరిచాడు. "మార్పిడిలో మీ అక్క ఇచ్చిన మూలుగ మీలో బ్రహ్మాండంగా నాటుకుంది. ఇప్పుడు మీ ఒంట్లో తిరుగుతున్న రక్తమంతా ఆవిడదే!"