నీళ్లు కలిపిన యాసిడ్

కాగులోంచి ఉన్ని దారాన్ని కర్రతో పైకెత్తి చూసి ఇమాం హుస్సేన్ నీరుగారిపోయాడు. ఎర్రగా రావాల్సిన దారం మచ్చలు మచ్చలుగా వచ్చింది. ఒకచోట ముదురు నెత్తురు రంగు, పక్కనే వెలిసిపోయిన గులాబీ.

జ్వరం తగ్గి పనిలోకి దిగిన దగ్గర్నుంచీ ఇదే వరస. దర్గాలో పరిచే తివాచీ కోసం అది. కనిగిరి మగ్గాలవాళ్లు దారం కోసం కాచుకుని కూర్చున్నారు. ఈసారీ పాడైతే అద్దకం పని ఇక తనకెవరూ ఇవ్వరు.

తప్పెక్కడుందో ఆయనకు తెలుసు. ఉన్నికి రంగు పట్టించేది యాసిడ్. ఎంత పోయాలో ఆయన ఏనాడూ కొలిచి ఎరగడు. ఆవిరి పైకి రాగానే తెలిసిపోయేది. ఈ డబ్బాలో సరుక్కి అసలు ఘాటే లేదు. రెండింతలు పోసినా లేదు.

డబ్బా ఇచ్చింది వెంకటనారాయణ. చిన్నప్పుడు తనతో ఒకే కంచంలో తిన్నవాడు.

డబ్బా తీసుకెళ్లి అతని దుకాణంలో బల్లమీద పెట్టాడు.

"నీళ్లు కలిపి అమ్ముతున్నావా, నారాయణా?"

వెంకటనారాయణ మూత తీసి, చటుక్కున మొహం పక్కకు తిప్పుకున్నాడు. తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. "నీకేమన్నా పిచ్చా హుస్సేనూ? ఇది నీళ్లంటావేందిరా?"

ఆ నటన చూసేసరికి ఇమాం హుస్సేన్‌కు ఒళ్లు మండింది.

"పరాయివాడు మోసం చేస్తే నీకొచ్చి చెప్పుకునేవాణ్ణి. నువ్వే చేస్తే ఎవరికి చెప్పుకునేది? ఇక నా గడప తొక్కబాక."

వెంకటనారాయణ కళ్లలో నీళ్లు తిరిగాయి. దొంగ ఏడుపు అనుకుని వెనక్కి చూడకుండా వచ్చేశాడు.

ఇంటికొచ్చి వంటింటి గడప మీద కూలబడ్డాడు. భార్య సర్దార్‌బీ లేదు, బోరు దగ్గరికెళ్లినట్టుంది. ఆమె మాత్రం తక్కువ తిందా, కూరలో మసాలా వేయడం మానేసి నెల దాటింది. ఎవర్ని నమ్మినా ఇంతే. బీడీ నోట్లో పెట్టుకుని అగ్గిపెట్టె తీశాడు.

చంకలో బిందె వాకిట్లోనే పడేసి, సర్దార్‌బీ ఒక్క ఉరుకున వచ్చి ఆయన చేతిలోంచి అగ్గిపెట్టె లాక్కుంది.

"వీధి మొదట్లోకే గుప్పుమని గ్యాస్ వాసన కొడతా ఉంటే, పొయ్యి పక్కనే కూర్చున్నోడివి నీకు తెలవటంలేదా?"