బిగుతు చొక్కా

మా వీధి దర్జీ తన చొక్కా పక్కకుట్లు విప్పి వదులు చేసుకోవడం ఉదయం నుంచి అది మూడోసారి. కూర్చున్నచోటే ఆయాసం, ఒళ్లంతా చెమట, ఎడమ చెయ్యి లాగుతోంది. అయినా తప్పు చొక్కాదే అంటాడు. దర్జీలంతే. నేల రెండుగా చీలినా కుట్టు పిగిలిందనే అంటారు.

"ఆసుపత్రికి పోదామండీ, మీ కాళ్లు పట్టుకుంటా," అంది భార్య.

"కాస్త ఒళ్లు చేశానే, అంతే! ఇంకో అంగుళం వదిలితే ఊపిరి అదే ఆడుతుంది."

ఏడుపు దిగమింగి ఆమె టేపు అందుకుంది. అతని ఛాతీ చుట్టూ వేసి, "ముప్పై ఆరు! నిరుటి కంటే తగ్గారు. బిగుతు చొక్కాలో లేదండీ, లోపలుంది," అంది.

టేపు చెప్పాక దర్జీ ఎదురు చెప్పడు. కత్తెర కింద పెట్టి, ఆటో పిలవమన్నాడు.

దారిలో ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, ఊపిరందక ఆగి ఆగి అన్నాడు: "ముప్పై ఆరేంటే, మన పెళ్లప్పుడే నాది ముప్పై ఎనిమిది కదా. నువ్వు అబద్ధం చెప్పావని అప్పుడే తెలుసు. పొద్దున్నుంచీ భయంతో చస్తున్నా, లేవడానికి ఓ వంక దొరికింది... డ్రైవర్ని ఇంకాస్త తొందరగా పోనిమ్మను."