గొట్టంలో గాలి

క్యాప్సూల్ గొట్టం మధ్యలో ఇరుక్కుపోయింది. లోపలున్న ఇద్దరు పరీక్ష ప్రయాణికుల్ని అత్యవసర ద్వారంలోంచి బయటికి లాగేసరికి, అరిచి అరిచి అనుపమ గొంతు బొంగురుపోయింది. ఒకతనికి భుజం జారింది. ఇంకొకతను నీళ్ళ సీసా పట్టుకుని, తాగడం మరిచిపోయి కూర్చున్నాడు.

ఎర్రబోరు ఊరు దాటాక, హైవే పక్కన, సిమెంటు స్తంభాల మీద సాగిన ఉక్కు గొట్టం అది. పంపులు అందులోని గాలిని తోడేస్తాయి. అడ్డుపడే గాలి లేకపోతే క్యాప్సూల్ విమానంలా దూసుకుపోతుంది. ఈరోజు అలా దూసుకుపోతుండగానే గాలి లోపలికి చొరబడింది.

ఎలా చొరబడిందో కనుక్కోవడం కష్టం కాలేదు. క్యాంటీన్ ఎదుటి స్తంభం దగ్గర ఇత్తడి వాల్వును ఎవరో విప్పుకుపోయారు. కన్నానికి రబ్బరు ముక్క అతికించి పైన రంగు పూశారు. పంపులు గట్టిగా తోడుతూ ఉంటే, క్యాప్సూల్ నడిచే సమయానికి ఆ ముక్క లోపలికి పీక్కుపోయింది.

ఎవరన్నదే తేలాలి.

ఈ పరీక్ష నడిపించే ఇంజినీరుగా అనుపమ హైదరాబాద్ నుంచి వచ్చింది ఈ ఉదయమే. ఇక్కడ ఆమెకు ఒక్క ముఖమూ తెలియదు. సైటు సూపర్‌వైజర్ రామనర్సయ్య లేకపోతే ఇంకా అవస్థ పడేది. దగ్గర్లోని కోంటా ఊరి మనిషి. తెలుగు, హిందీ, దోర్లీ ఏదైనా మాట్లాడగలడు. అంబులెన్సును పిలిచిందీ అతనే, పోలీసులకు కబురు పెట్టిందీ అతనే.

సుక్మా నుంచి వచ్చిన పోలీసు అధికారి ఎక్కువసేపు ఆలోచించలేదు. ఆ స్తంభాల దగ్గర గ్రీజు పూసే మాసాను పట్టుకున్నాడు. సాక్ష్యం, అతని సంచిలో దొరికిన పానా. పైపుల పని చేసేవాడి సంచిలో పానా కాక పన్నీరు బుడ్డి ఉంటుందా అని అనుపమ వాదించింది. ఆయన విననే లేదు. అడవిలోని నక్సలైట్లతో కలిసి చేశాడని ఒక్క ముక్క రాసేస్తే, మాసా మళ్ళీ ఇంటి గడప ఎప్పుడు తొక్కుతాడో ఎవరూ చెప్పలేరు.

మాసాను జీపు ఎక్కిస్తుండగా, క్యాంటీన్‌లో వంట చేసే వరమ్మ అడ్డం వచ్చింది.

“వాడు కాదమ్మా. నేను చూసిన.”

అనుపమకు ప్రాణం లేచి వచ్చింది. ఏం చూశావని అడిగితే వరమ్మ అంతా చెప్పింది. నిన్న పొద్దుగూకే వేళ, గిన్నెలు కడిగిన నీళ్ళు పారబోయడానికి బయటికి వచ్చిందట. వాల్వు విప్పి సంచిలో వేసుకోవడం, రబ్బరు అతికించడం, అన్నీ చూసిందట.

“ఎవరు వాడు?”

వరమ్మ నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది.

అనుపమ బుజ్జగించింది. కోప్పడింది. ఉద్యోగం పోకుండా తను చూసుకుంటానని మాట ఇచ్చింది. కాగితం ముందుకు తోస్తే వరమ్మకు రాయడం రాదు. పోనీ వేలు పెట్టి చూపించమంటే చేతులు రెండూ కొంగులో దాచుకుంది.

“నామ్ బోలో, నామ్,” అంటూ పోలీసు అధికారి జీపు మీద లాఠీతో కొట్టాడు.

రామనర్సయ్యకు మాత్రం కోపం రాలేదు. తను అడిగి చూస్తానని కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. నిన్న పనిలో ఉన్నవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు. పంపు హౌసు వాళ్ళు, గేటు వాళ్ళు, వెల్డింగు వాళ్ళు. ప్రతి పేరు దగ్గరా ఆగాడు. ప్రతి పేరుకూ వరమ్మ అడ్డంగా తల ఊపింది. చుట్టూ నిలబడ్డ కూలీలు నేల చూపులు చూస్తున్నారు.

“అయిపోయినయ్ మేడమ్. ఇంకెవరున్నరు? ఈమె ఏం చూడలే. మాసా మీద జాలితోని అంటున్నది.” వరమ్మ వైపు తిరిగాడు. “చూస్తే చెప్పు మరి. అందరి ముందర పేరు చెప్పు.”

వరమ్మ తల వంచుకుంది.

“చెప్పదు మేడమ్,” అన్నాడు రామనర్సయ్య తాపీగా. “కావాలంటే నేను రాసిస్త.”

అనుపమకు ఆ స్తంభానికి తల బాదుకోవాలనిపించింది. అన్నీ చెప్పి, అసలు ముక్క దగ్గర నోరు కుట్టేసుకునే మనిషిని ఏం చేయాలి? ఆమెను పక్కకు లాగింది.

“ఎవరికి భయపడుతున్నావు వరమ్మా?”

“భయం కాదమ్మా.”

“మరేంటి?”

“ఇదొక్కటి గాక ఇంకేదన్న అడుగమ్మా. చెప్త.”

“ఇంకేం అడగను? నీ కళ్ళ ముందే ఏ పాపం తెలియనివాణ్ణి పట్టుకుపోతున్నారు. రేపు నీకు ముద్ద ఎలా దిగుతుంది?”

జీపు స్టార్టయింది.

అంతవరకూ గేటు దగ్గర నిలబడి ఉన్న మాసా పెళ్ళాం ఆయతి నడుచుకుంటూ వచ్చింది. ఏడవలేదు, బతిమాలలేదు. చంకలో బిడ్డతో జీపు వెనకభాగం ఎక్కి మొగుడి పక్కన కూర్చుంది. కానిస్టేబుల్ దిగమన్నాడు. దిగలేదు. చెయ్యి పట్టి లాగాడు. రెండో చేత్తో మాసా చొక్కా గుప్పిట పట్టుకుంది.

వరమ్మ వాళ్ళిద్దరినీ చూస్తూ ఉండిపోయింది. తర్వాత వెళ్ళి జీపుకు ఎదురుగా నిలబడింది.

“రాసుకో సాబ్,” అంది.

అధికారి కలం తీశాడు.

పెళ్ళయిన నాటి నుంచి ఒక్కసారి కూడా నోట పలకని మొగుడి పేరును ఆమె అక్కడున్న అందరికీ వినబడేలా పలికింది: “రామనర్సయ్య.”